పాత ఫోటోలో ఫోనోగ్రాఫ్, పక్కన ఒక మనిషి: ఎవరో, ఎప్పటిదో ఎలా తేల్చాలి

ఫోనోగ్రాఫ్, అంటే పాటలూ మాటలూ రికార్డు చేసి వినిపించే పాతకాలపు యంత్రం, దాని పక్కన ఒక మనిషి ఉన్న ఫోటో చేతికి దొరికితే మొదట కళ్లు వెళ్లేది యంత్రం బాకా మీదికే. ఫోటోలో సగం అదే ఉంటుంది మరి. దాన్ని చూడగానే ఇది ఫలానా మోడల్, ఫలానా సంవత్సరం అనేస్తాం, పక్కన నిలబడ్డ మనిషిని యజమాని అనేస్తాం, ఇక పని అయిపోయిందనుకుంటాం. ఈ రెండూ చాలాసార్లు తప్పవుతాయి. బాకా ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకునే వస్తువు. ఆ మనిషి ఆ యంత్రాన్ని ఆ రోజే మొదటిసారి చూసి ఉండొచ్చు. నలుగురు కలెక్టర్లు ఒక్క ఫోటో ముందు పెట్టుకుని గంటలు గంటలు వాదించుకోవడం నేను చాలాసార్లు చూశాను, ఆ వాదన ముడిపడేది ఎప్పుడూ ఒకచోటే: యంత్రం ఎప్పటిది, ఫోటో ఎప్పటిది, మనిషి ఎవరు అనే మూడు ప్రశ్నల్ని ఒకటే ప్రశ్న అనుకోవడం దగ్గర. మీరు మాత్రం మూడింటినీ విడదీయండి. ఎలాగో చెబుతాను.

ముందు ఫోటోని కాపాడండి

ఫోటో ఆల్బమ్‌లో అతికించి ఉంటే పీకకండి. నేనొకసారి పీకాను. అట్టకి అంటుకున్న కాగితం వెనకపొర అక్కడే ఉండిపోయింది, దాని మీద పెన్సిల్‌తో రాసిన రెండు లైన్లు సగానికి చిరిగాయి. మిగిలిన సగంలో ఒక ఇంటిపేరు మొదటి అక్షరం మాత్రమే ఉంది. ఆ మనిషి పేరు నా చేతుల్లోనే పోయిందన్న బాధ ఇప్పటికీ ఉంది. కాబట్టి అతుక్కుని ఉంటే ఆ పేజీ మొత్తాన్ని అలాగే స్కాన్ చేయండి, ఊడదీయడం తప్పదనుకుంటే పాత కాగితాల మరమ్మతు తెలిసినవాళ్లకి ఇవ్వండి.

స్కాన్ చేసేటప్పుడు నలుపు తెలుపు ఫోటో అయినా కలర్‌లోనే చేయండి, ఎందుకంటే కాగితం పసుపెక్కిన తీరు, అంచుల్లో వెండిలా మెరిసే మచ్చలు ఇవన్నీ తర్వాత పనికొస్తాయి. అట్టమీది ఫోటోకి కనీసం 600 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు అని లెక్క), అరచేతిలో సగం ఉండే చిన్న ఫోటోలకి 1200. ఫైల్ టిఫ్‌లో, అంటే నాణ్యత తగ్గని ఫైల్ రకంలో దాచండి. అంచులు కత్తిరించకండి, అట్ట మొత్తం రావాలి. వెనకవైపు ఖాళీగా ఉందనిపించినా స్కాన్ చేయండి. ఆ తర్వాత గది కాస్త చీకటి చేసి, ఫోన్ టార్చ్‌ని దాదాపు బల్లకి ఆనించి పక్కనుంచి వెలుతురు పడేలా పెట్టి వెనకవైపు చూడండి. చెరిగిపోయిన పెన్సిల్ రాత, అట్టలోకి నొక్కిన స్టూడియో ముద్ర మామూలు వెలుతురులో కనిపించవు, ఈ వెలుతురులో గాడి నీడ పడి పైకి తేలతాయి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫోటోని "క్లియర్" చేసే ఏఐ యాప్‌లు, రంగులద్దే యాప్‌లు ఇంట్లో గోడకి పెట్టుకోవడానికైతే మీ ఇష్టం, గుర్తుపట్టే పనికి మాత్రం వాటి దగ్గరికి వెళ్లకండి. అవి లేని అక్షరాన్ని తెచ్చిపెడతాయి, పెట్టె మీద మసకగా ఉన్న అచ్చుని వేరే అచ్చుగా మార్చేస్తాయి, ముఖం కూడా మారిపోతుంది. అలా చేసిన కాపీని చూసి ఇంకో కలెక్టర్ ఇచ్చే అభిప్రాయం, పాపం ఆయన ఎంత తెలిసినవాడైనా, ఎందుకూ పనికిరాదు.

ఇది ఏ రకం ఫోటో?

భూతద్దంతో దగ్గరగా చూడండి. చిన్న చిన్న చుక్కలు వరసగా కనిపిస్తే అది పుస్తకంలోనో కేటలాగ్‌లోనో అచ్చయిన బొమ్మ, అసలు ఫోటో కాదు, అలాంటప్పుడు యజమాని ప్రశ్నే వేరే అవుతుంది. చుక్కలు లేకపోతే ముందుకెళ్లండి.

అట్టమీద అతికించిన ఫోటో సుమారు రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల ఎత్తు ఉంటే కార్ట్ డి విజిట్, సుమారు నాలుగుంపావు వెడల్పు, ఆరున్నర ఎత్తు ఉంటే కేబినెట్ కార్డ్. కార్ట్ డి విజిట్‌కి పేటెంట్ వచ్చింది 1854లో, కేబినెట్ కార్డ్ 1860ల మధ్య నుంచి వాడుకలోకి వచ్చి కొత్త శతాబ్దం మొదట్లో తగ్గిపోయింది. ఫోనోగ్రాఫ్ పుట్టిందే 1877లో, అదీ తగరపు రేకు మీద గీసే యంత్రంగా. జనం ఇళ్లలో పెట్టుకోగల స్ప్రింగ్ మోటార్ యంత్రాలు 1890ల రెండో సగానికి గానీ రాలేదు. కాబట్టి ఒక ఇంటి ఫోనోగ్రాఫ్ కేబినెట్ కార్డ్‌లో కనిపిస్తే మీకు దొరికే కాలం చాలా చిన్నది, సుమారు పది పదిహేనేళ్లు. యంత్రం జోలికి వెళ్లకుండానే అంత తేలిపోతుంది, చూడండి.

గుండ్రటి ఫోటో అట్టమీద ఉంటే 1888లో వచ్చిన మొదటి కొడాక్ కెమెరాలూ వాటి వెనక వచ్చినవీ గుర్తు తెచ్చుకోండి. పోస్ట్‌కార్డ్ మీద నేరుగా అచ్చేసిన ఫోటో అయితే వెనకవైపు చూడండి: చిరునామాకీ ఉత్తరానికీ మధ్య గీత ఉందా? బ్రిటన్‌లో ఆ గీత 1902లో వచ్చింది, అమెరికాలో 1907 మార్చిలో. స్టాంపు అంటించే గడిలో కాగితం కంపెనీ గుర్తు కూడా ఉంటుంది, దాన్నీ రాసిపెట్టుకోండి.

పల్చటి ఇనుప రేకు మీద ముదురుగా ఉంటే టిన్‌టైప్. వెనకవైపు చిన్న అయస్కాంతం మెల్లగా ఆనిస్తే పట్టుకుంటుంది, రుద్దకండి. ఈ టిన్‌టైప్ దగ్గర అందరూ ఒక పొరపాటు చేస్తారు. అందులో బొమ్మ అద్దంలోలా తిరగబడి ఉంటుంది. ఎడిసన్ కంపెనీ స్టాండర్డ్, హోమ్ లాంటి మోడళ్లని ముందునుంచి చూస్తే తిప్పే హ్యాండిల్ కుడివైపు ఉంటుంది. మీ ఫోటోలో ఎడమవైపు ఉంటే అరుదైన మోడల్ దొరికిందని సంబరపడేముందు పెట్టె మీది అక్షరాలు చూడండి, మగవాళ్ల కోటు గుండీలు ఏ వైపు మూసి ఉన్నాయో చూడండి. మామూలు కాగితం ఫోటోలో కూడా నెగటివ్‌ని తిరగేసి అచ్చేసినవి ఉంటాయి. స్కాన్‌ని కంప్యూటర్‌లో ఒకసారి అడ్డంగా తిప్పి చూస్తే క్షణంలో తెలిసిపోతుంది.

రంగుల్ని నమ్మకండి

ఆ రోజుల్లో ఫోటో తీసే గాజు ప్లేట్లు చాలావరకు నీలి వెలుతురుకే స్పందించేవి, తర్వాత వచ్చినవి ఆకుపచ్చని కూడా పట్టుకున్నాయి, ఎరుపుని మాత్రం పట్టుకోలేదు. అన్ని రంగుల్నీ పట్టే ప్లేట్లు 1906 నుంచి అమ్మకానికి వచ్చినా మామూలు జనం పాతవే చాలాకాలం వాడారు. ఇది మన పనికి ఎంత ముఖ్యమో చెబుతాను. పువ్వు ఆకారంలో విచ్చుకున్న బాకా ఎర్రరంగుది అయితే ఫోటోలో నల్లగా పడుతుంది. నీలంరంగుది అయితే తెల్లబడిపోయినట్టు, దాదాపు బూడిదరంగులో కనిపిస్తుంది. "నల్ల బాకా, కాబట్టి కంపెనీతో వచ్చిందే" అని తేల్చేసిన వాదనలు ఈ ఒక్క కారణంతో కూలిపోతాయి. ఇత్తడి కూడా అంతే. పసుపు రంగు కాబట్టి ముదురుగా పడుతుంది, కానీ పాలిష్ చేసిన అంచు మీద కిటికీ వెలుతురు పడినచోట తెల్లటి గీత మెరుస్తుంది. ఆ మెరుపు సన్నగా, పదునుగా ఉంటే లోహం అనుకోవచ్చు, మొద్దుగా పరుచుకుంటే రంగు పూసిన రేకు. అది కూడా అనుకోవడమే, తేల్చడం కాదు.

యంత్రాన్ని కింద నుంచి పైకి చదవండి

మొదట సిలిండరా, ప్లేటా? మైనపు సిలిండర్ తిప్పేది ఫోనోగ్రాఫ్, గుండ్రటి ప్లేటు తిప్పేది గ్రామఫోన్. పాత ఫోటోల వెనక ఏది పడితే అది రాసేవాళ్లు, మాటని పట్టుకోకండి, వస్తువుని చూడండి. గ్రామఫోన్‌ని కనిపెట్టిన ఎమిల్ బెర్లినర్ దానికి పేటెంట్ తీసుకుంది 1887లో. సిలిండర్ యంత్రంలో ధ్వని పుట్టించే డబ్బా, అదే రీప్రొడ్యూసర్, సిలిండర్ పొడవునా పక్కకి జరుగుతూ పోతుంది. దాన్నుంచి బాకాకి చిన్న రబ్బరు గొట్టం, పెద్ద బాకా అయితే దాన్ని పైనుంచి పట్టుకోవడానికి ఒక సన్నటి ఇనుప కడ్డీ, దానికి వేలాడే చిన్న గొలుసు. ఆ గొలుసు కనిపించిందంటే బాకా పెద్దది, విడిగా కొన్నది కావచ్చు.

ఇక చెక్కపెట్టె. నేను ఎప్పుడూ ఇక్కడినుంచే మొదలుపెడతాను, ఎందుకంటే బాకా మారుతుంది, రీప్రొడ్యూసర్ మారుతుంది, కొందరు రెండు నిమిషాల సిలిండర్లు పాడే యంత్రాన్ని నాలుగు నిమిషాలవి పాడేలా మార్పించుకున్నారు కూడా, పెట్టె మాత్రం సాధారణంగా మారదు. పెట్టె మూలల్లో స్తంభాల్లాంటి చెక్కడం ఉందా, అడుగుపట్టీ ఎంత వెడల్పు, ముందువైపు అతికించిన పేరు ఏ ఆకారంలో ఉంది, రిబ్బన్‌లా పరిచిన పట్టీలోనా లేక ఎడిసన్ సంతకంలానా? పేరులోని అక్షరాలు చదవలేకపోయినా ఆ ఆకారం, పొడవు చాలు, రిబ్బన్ పట్టీ సంతకం కన్నా ముందుది.

గుర్తుపెట్టుకోవాల్సిన సంవత్సరాలు కొన్నే. ఎడిసన్ హోమ్ 1896, స్టాండర్డ్ 1898, చిన్నదైన జెమ్ 1899. అయిదు అంగుళాల మందాన ఉండే పెద్ద కాన్సర్ట్ సిలిండర్లు 1898, 99 ప్రాంతం. పోత పోసిన నల్లటి సిలిండర్లు 1902. పువ్వు బాకాని ఎడిసన్ కంపెనీ తన యంత్రాలతో ఇచ్చింది 1907 నుంచి, హంస మెడలా వంగి పైకి లేచే బాకా 1909 నుంచి. నాలుగు నిమిషాల సిలిండర్ 1908, నీలం సెల్యులాయిడ్‌ది 1912. బాకా పెట్టెలోపలే దాగిన, విక్టర్ కంపెనీ వాళ్ల విక్ట్రోలా 1906, ఎడిసన్ వాళ్ల ఆంబెరోలా 1909. ఎడిసన్ కంపెనీ ఈ వ్యాపారం ఆపేసింది 1929లో.

ఈ సంవత్సరాలతో ఏం చేయాలంటే, ప్రతి దానికీ "దీనికి ముందు కాదు" అని మాత్రమే రాసుకోండి. ఫోటోలో హంసమెడ బాకా ఉంది, కాబట్టి 1909కి ముందు కాదు. అంతే. 1909 నాటిది అని కాదు! అదే బాకా అదే యంత్రం మీద ముప్పై ఏళ్లు ఉండి ఉండొచ్చు. చెక్కపెట్టె 1898 నాటి మోడల్ అయినా బాకా 1909 నాటిదైతే ఫోటో 1909లోనో ఆ తర్వాతో తీసిందే, అన్నిటికన్నా చివర పుట్టిన వస్తువే ఫోటో కాలాన్ని కట్టేస్తుంది. అసలు యంత్రం ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటే ఇంకా మంచిది, దాని మీది లోహపు పలకలో పేటెంట్ తేదీల వరస ఉంటుంది, అందులో చివరి తేదీ కూడా ఇలాగే, దానికి ముందు కాదు.

కొలతలు కావాలంటే ఫోటోలోనే స్కేలు ఉంది. మామూలు సిలిండర్ పొడవు సుమారు నాలుగుంపావు అంగుళాలు, మందం రెండుంపావు. సిలిండరో దాని అట్టడబ్బానో యంత్రానికి ఆనుకుని ఉంటే, స్కాన్‌లో దాన్ని పిక్సెల్స్‌లో కొలిచి పెట్టెతో పోల్చండి. ఒకే దూరంలో ఉన్నవాటినే పోల్చాలి, టేబుల్ ముందు అంచున పెట్టిన డబ్బా వెనకున్న యంత్రం కన్నా పెద్దగా కనిపిస్తుంది, ఆ లెక్క తప్పుతుంది.

ఇప్పుడు మనిషి దగ్గరికి

పక్కన నిలబడ్డంత మాత్రాన యజమాని కాదు. నాలుగైదు అవకాశాలు ఉన్నాయి: నిజంగానే యజమాని, యంత్రాలు అమ్మే ఏజెంట్, ఊరూరా తిరిగి డబ్బులు తీసుకుని వినిపించే ప్రదర్శకుడు, స్టూడియోలో అలంకారానికి పెట్టిన యంత్రం పక్కన ఫోటో దిగినవాడు, లేదా పరిశోధకుడి ముందు కూర్చుని పాటో మాటో రికార్డు చేయిస్తున్న మనిషి. ఒక్కోదానికీ ఆనవాళ్లు ఉంటాయి. స్టూడియో తెర మీద గీసిన తోటా మెట్లూ, కింద కృత్రిమమైన గడ్డి ఉండి యంత్రం ఒక్కటే దిష్టిబొమ్మలా పెట్టి ఉంటే అనుమానించండి, అదే స్టూడియో తీసిన ఇంకో ఫోటోలో అదే యంత్రం దొరికితే విషయం తేలిపోయినట్టే. వినడానికి చెవుల్లో పెట్టుకునే గొట్టాలు పది పన్నెండు వేలాడుతుంటే, మోసుకుపోయే పెట్టె, ప్రకటన బోర్డు కనిపిస్తే ప్రదర్శకుడు. అదే ఇంటి గదిలో, అరుగు మీద, సిలిండర్ డబ్బాలు అరిగి, మూత గీతలు పడి, పిల్లవాడి చెయ్యి అలవాటుగా పెట్టె మీద ఆనించి ఉంటే, అది ఆ ఇంటి వస్తువే అనిపిస్తుంది నాకు. చేతుల్ని ఎప్పుడూ చూడండి. తనది కాని వస్తువుని మనిషి వేళ్ల చివరలతో ముట్టుకుంటాడు, తనదైతే అరచెయ్యి మొత్తం ఆనిస్తాడు. ఇది రుజువు కాదు, కానీ ఎక్కడ వెతకాలో చెబుతుంది.

వింటున్నాడా, రికార్డు చేస్తున్నాడా అన్నది కూడా చూసుకోవాలి. 1916లో వాషింగ్టన్‌లో తీసిన ఒక ప్రసిద్ధమైన ఫోటో ఉంది, ఫోనోగ్రాఫ్ ఒక పక్క అమెరికా ఆదివాసుల పాటలు రికార్డు చేసిన ఫ్రాన్సెస్ డెన్స్‌మోర్ అనే ఆమె, ఇంకోపక్క అక్కడి బ్లాక్‌ఫీట్ తెగ పెద్ద మౌంటెన్ చీఫ్. ఒకచోట దాని కింద ఆయన రికార్డు చేస్తున్నాడని ఉంటుంది, ఇంకోచోట రికార్డు వింటూ దాని అర్థాన్ని చేతి సైగలతో చెబుతున్నాడని ఉంటుంది. అంత పేరున్న ఫోటోకే కింది రాత రెండు రకాలుగా ఉంటే మన ఆల్బమ్ ఫోటోల సంగతి వేరే చెప్పాలా! సన్నటి తిన్నని బాకా, దాని నోటికి దగ్గరగా మనిషి నోరు ఉంటే రికార్డు చేస్తున్నారేమో అని చూడండి, వెడల్పుగా విచ్చుకున్న బాకా ముందు అందరూ కాస్త దూరంగా కూర్చుంటే వింటున్నట్టు.

బొమ్మ కూడా మారొచ్చు, మరిచిపోకండి. హెచ్ఎంవీ కుక్క బొమ్మ మనందరికీ తెలుసు. చిత్రకారుడు ఫ్రాన్సిస్ బరాడ్ మొదట ఆ కుక్కని సిలిండర్ ఫోనోగ్రాఫ్ ముందు కూర్చోబెట్టాడు, 1899లో దాని మీదే గ్రామఫోన్ వేసి కంపెనీకి ఇచ్చాడు. ఫోటోల్లో కూడా నెగటివ్ మీద గీకి, రంగు పూసి సరిచేసేవాళ్లు. బాకా అంచు చుట్టూ నేపథ్యం కన్నా లేతరంగు గీత కనిపిస్తే అక్కడ ఎవరో చెయ్యి పెట్టారు.

బట్టలు కాలాన్ని చెబుతాయి, కానీ జాగ్రత్త. పాశ్చాత్య ఫోటోల్లో భుజం దగ్గర బుడగలా ఉబ్బిన ఆడవాళ్ల చేతులు 1895 ప్రాంతంలో పతాకస్థాయిలో ఉన్నాయి, రెండు మూడేళ్లకే తగ్గిపోయాయి. అయితే ఫ్యాషన్ ముందు పట్టేది వయసులో ఉన్నవాళ్లు, అవ్వలు తాతలు ఇరవై ఏళ్ల నాటి బట్టలతోనే ఫోటో దిగేవాళ్లు. కాబట్టి గుంపులో అందరికన్నా చిన్న వయసు అమ్మాయి బట్టలతో కాలం కట్టండి.

అట్టమీద స్టూడియో పేరు, చిరునామా ఉంటే అది బంగారం. ఆ ఊరి పాత వ్యాపార డైరెక్టరీల్లో ఆ ఫోటోగ్రాఫర్ ఆ చిరునామాలో ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు ఉన్నాడో వెతకండి. యంత్రం "దీనికి ముందు కాదు" అని చెబుతుంది, స్టూడియో మూతపడ్డ సంవత్సరం "దీని తర్వాత కాదు" అని చెబుతుంది, రెండూ కలిస్తే కాలం మూడు నాలుగేళ్లకి కుదించుకుపోవడం నేను చూశాను.

వెనక రాసిన పేరుంటే ఆ చేతిరాత ఎప్పటిదో అడగండి. "మా తాత, ఆయన ఫోనోగ్రాఫ్" అని రాసినవాళ్లు మనవలు, బాల్‌పెన్‌తో రాసి ఉంటే తప్పకుండా చాలా ఏళ్ల తర్వాత రాసిందే. వాళ్లకి తాత తెలుసు, యంత్రం తాతదో కాదో వాళ్లు విన్నదే తప్ప చూసింది కాదు. కుటుంబంలో పెద్దవాళ్లు ఉంటే ఇప్పుడే వెళ్లి అడగండి, ఇది వాయిదా వేసే పని కాదు. అడిగేటప్పుడు "ఈ ఫోనోగ్రాఫ్ మీదేనా" అని అడగొద్దు, అవునని అనేస్తారు. ఫోటో చేతికిచ్చి "ఇందులో ఏమేం గుర్తుపడతారు" అని అడిగి ఊరుకోండి.

నలుగురికి చూపించేటప్పుడు

ఇంత చేశాక తోటి కలెక్టర్లకి చూపించండి. కత్తిరించని పూర్తి స్కాన్, వెనకవైపు, పెట్టె దగ్గరి ముక్క, ఈ మూడూ ఇవ్వండి, ఎక్కడ దొరికిందో చెప్పండి. మీ అభిప్రాయం మాత్రం ముందే చెప్పకండి, చెబితే అందరూ దాని చుట్టూనే తిరుగుతారు. "ఇదేంటి?" అని అడిగితే పది రకాల జవాబులొస్తాయి, "ఈ పెట్టె అడుగుపట్టీ చూసి హోమా స్టాండర్డా చెప్పగలరా" అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది. ఎవరైనా ఒక సంవత్సరం చెబితే ఏం చూసి చెప్పారో మర్యాదగా అడగండి. కారణం చెప్పలేని సంవత్సరాన్ని, ఎంత పెద్దాయన చెప్పినా, పక్కన పెట్టండి. బతికున్న కుటుంబసభ్యుల పేర్లు, చిరునామాలు బయటపెట్టకండి. రేటెంత పలుకుతుందన్న మాట ఎత్తకండి, ఆ మాట వచ్చాక ఫోటోలోని మనిషి గురించి ఇంకెవరూ మాట్లాడరు.

చివరగా తేలింది ఒక కాగితం మీద రాయండి, ఫోటో మీద కాదు. రాయక తప్పకపోతే వెనక అంచున మెత్తటి పెన్సిల్‌తో, గట్టి బల్ల మీద పెట్టి, నొక్కకుండా. పీవీసీ కవర్లు వద్దు, పాలియెస్టర్ కవర్ వాడండి, చల్లగా పొడిగా ఉండేచోట దాచండి. కాగితం మీద నేను ఇలా రాస్తాను: "కేబినెట్ కార్డ్. యంత్రం ఎడిసన్ స్టాండర్డ్, పెట్టె ఆకారం, రిబ్బన్ పట్టీ చూసి. కాబట్టి 1898కి ముందు కాదు. బాకా కంపెనీది కాకపోవచ్చు, గొలుసు ఉంది. మనిషి వయసు నలభై ప్రాంతం, కుడిచెయ్యి మూత మీద. యజమాని కావచ్చు, రుజువు లేదు. పేరు తెలియదు." దాని కింద తేదీ వేసి, ఎవరెవరు ఏం చెప్పారో రాసి, నాలుగు లైన్లు ఖాళీ వదిలి, ఆ కాగితాన్ని ఫోటోతోపాటే కవర్‌లో పెడతాను. పేరు తెలిసినవాళ్లు ఎప్పుడు వచ్చినా రాయడానికి చోటుండాలి.